మూడో రోజు బస్సు

డిసెంబరులో మన కాలేజీలో జరిగిన అంతర్జాతీయ సదస్సు మీద ఈ సంచికలోనే వేరే రిపోర్టు ఉంది. ఎన్ని పేపర్లు వచ్చాయి, కీనోట్ ఎవరిచ్చారు లాంటివన్నీ అందులో చూడండి. నేను రాస్తున్నది ఆ బ్రోచర్ చివరి పేజీలో చివరి లైను గురించి. "డే 3: లోకల్ విజిట్ అండ్ కల్చరల్ యాక్టివిటీస్." ఆ లైనుకి బాధ్యురాలిని నేనే.

హాస్పిటాలిటీ కమిటీ మొదటి మీటింగులో ఈ విషయం పది నిమిషాల్లో తేలిపోయింది. గెస్టులందర్నీ వైజాగ్ తీసుకెళ్లాలి. కైలాసగిరి, ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, సాయంత్రం షాపింగ్. "మన దగ్గర చూడ్డానికి ఏముంది?" అన్నాడు ఒక సీనియర్. అన్నట్టు అతనిది బొబ్బిలి.

ఈ మాట నాకు కొత్త కాదు. మాది శ్రీకాకుళం. హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తే మా ఇంట్లోనే ఇలా అంటారు, "ఇక్కడేముందండీ, ఒక పూట అరసవల్లి దర్శనం చేసుకుని వైజాగ్ వెళ్లిపోండి" అని. నేను చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్. "ఏమిటి" అనాల్సిన చోట "ఏటి" అంటే ఫైన్‌తో పాటు క్లాసంతా నవ్వేది. పన్నెండేళ్లు అలా చదువుకున్న పిల్లకి తన ఊళ్లో ఏమీ లేదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అందుకే ఆ రోజు నేను చెయ్యి ఎందుకెత్తానో నాకూ సరిగ్గా తెలీదు. "సార్, రెండు రోజులు టైమివ్వండి, లోకల్ ప్లాన్ ఒకటి చేసి చూపిస్తాను" అన్నాను. కన్వీనర్ సార్ సరేనన్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. చీకటి పడేలోగా అందరూ తిరిగి రావాలి.

సీఎస్ఈ వాళ్లం కదా, ముందు ఎక్సెల్ షీటే తెరుస్తాం. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, సాలిహుండం, కళింగపట్నం, తేలినీలాపురం, పొందూరు, బుడితి, విజయనగరం, బొబ్బిలి. కాలేజీతో కలిపి 11 చోట్లు. బయల్దేరి అన్నీ చుట్టి వెనక్కి రావడానికి 18 లక్షల 14 వేల 400 రూట్లు ఉంటాయి. మనం ఫైనల్స్‌కి చదువుకునే ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమే. పైథాన్‌లో రాస్తే రూటు వచ్చేసింది కానీ అది ఎందుకూ పనికిరాలేదు. గుడి మధ్యాహ్నం మూసేస్తారని, నలభై మందిలో పదిమంది అరవై దాటినవాళ్లని, టీ కోసం బస్సు ఆపితే అరగంట పోతుందని ప్రోగ్రాముకి ఎవరు చెబుతారు?

అసలు చిక్కు ఇంకోటి. మన జిల్లాల్లో గొప్పవన్నీ ముహూర్తం చూసుకునే జరుగుతాయి. అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద ఉదయపు కిరణాలు పడేది మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులే. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం. అంత పొడుగు మాను చివర పూజారి కూర్చుని ఊరంతా ఊరేగడం ఒక్కసారి చూస్తే ఏ విదేశీ ప్రొఫెసరైనా తన పేపర్ మర్చిపోతాడు. కానీ మన సదస్సు డిసెంబరులో. డిసెంబరుకి కుదిరేది తేలినీలాపురం. అప్పటికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. నాకు చాలా ఇష్టమైన చోటది. అయినా లిస్టులోంచి నేనే తీసేశాను. దూరం ఒక కారణం. రెండో కారణం, ఆ పక్షులు ఊరి మధ్యలో, ఇళ్ల పక్క చెట్ల మీదే ఉంటాయి. ఊరివాళ్లు వాటి రాకను శుభంగా చూసుకుంటారు. అలాంటి చోటికి రెండు బస్సుల జనాన్ని, మెడలో బ్యాడ్జీలతో, గంటసేపు ఫొటోలకోసం దింపడం నాకు నచ్చలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి పొద్దున్నే వెళ్లి నిశ్శబ్దంగా చూసి రావాల్సిన ఊరది. (పెలికాన్లు సైబీరియా నుంచి వస్తాయని మనందరం చెప్పుకుంటాం. అక్కడ కనిపించే ఆ గూడబాతు మన దక్షిణాసియా పక్షే. ఈ ముక్క ఎక్కడైనా చెబితే మాత్రం జనం కొట్టేట్టు చూస్తారు.)

చివరికి రెండు బస్సులు పెట్టాం. ఒకటి విజయనగరం వైపు, ఒకటి శ్రీకాకుళం వైపు. ఎవరికి నచ్చింది వాళ్లు ఎక్కొచ్చు. నేను శ్రీకాకుళం బస్సు ఎక్కాను. రెండో బస్సు సంగతులు నా రూమ్మేట్ చెప్పినవి కాబట్టి గబగబా చెప్పేస్తాను. గురజాడ ఇల్లు చూశారు. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఆ ఊళ్లోనే అని చెబితే, ఒక కేరళ మేడమ్ గిరీశం ఎవరని అడిగారట. మావాడు "ఇంగ్లీషు వచ్చని అందరినీ బోల్తా కొట్టించేవాడు మేడమ్" అంటే బస్సులో సగం మంది తమ కొలీగ్స్ వైపు చూశారట. 1713 నాటి కోట, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలై, తర్వాత ఘంటసాల, సుశీల చదువుకున్న సంగీత కళాశాల కూడా చూసి, అక్కణ్నుంచి బొబ్బిలి పక్క గొల్లపల్లికి వెళ్లారు. అక్కడ పనస మానుని ఒకే దుంగగా తొలిచి వీణ చేస్తారు. సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రొఫెసర్ ఒకాయన 24 మెట్లనీ మైనం మీద కూర్చోబెట్టడం చూస్తూ గంటన్నర కదల్లేదట. మెట్టు ఎక్కడ పెట్టాలో స్కేలుతో కొలుస్తారా అని అడిగితే, పని చేస్తున్నాయన తన చెవి చూపించి మళ్లీ పనిలో పడ్డాడట. మన బొబ్బిలి సీనియర్ కూడా ఆ బస్సులోనే ఉన్నాడు. గొల్లపల్లి రావడం అతనికీ అదే మొదటిసారి.

ఇప్పుడు మా బస్సు.

పొందూరు ముందు పెట్టాను, ఎండ ఎక్కకముందే చేరేలా. మా అమ్మమ్మది పొందూరు దగ్గర పల్లె. పెళ్లి కాకముందు ఆవిడ నూలు వడికేదని నాకు తెలుసు. తెలిసింది అంతవరకే. బస్సులో ఇంగ్లీషులో చెప్పడానికి నోట్సు రాసుకుందామని వారం ముందు ఆవిడకి ఫోన్ చేశాను. అరగంటలో నా నోట్‌బుక్ నిండిపోయింది, కానీ ఒక్క మాటకీ ఇంగ్లీషు దొరకలేదు. దొరికినా అది నేనెప్పుడూ విననిది. కదురు, ఏకులు, చిలపలు. ఏకు అంటే వడకడానికి సిద్ధంగా చుట్టిన మెత్తటి దూది. "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అంటాం కదా, ఆ ఏకు ఇదే. మన బ్యాచ్‌లో చాలామంది ఆ సామెతలో మేక ఉందనుకుంటారు. దూదిలా వచ్చినవాడు ఇనప మేకులా దిగిపోయాడని అర్థం. నూలు వడికే ఇంట్లోంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ పుట్టే సామెత కాదది.

పొందూరు ఖద్దరు గాంధీగారి కాలం నుంచీ పేరున్న బట్టే. దాని అసలు విశేషం మాత్రం బట్టలో కనిపించదు. గింజలతో ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. నిజంగా చేప దవడే. ఆ సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేసి చెత్తనంతా లాగేసి, పోగుల్ని ఒకవైపుకి సర్దుతాయి. ఆ దవడల్ని రాజమండ్రి వైపు నుంచి తెప్పించుకుంటారు. తర్వాత చెక్కమీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, విల్లుతో ఏకుతారు, ఏకులు చుట్టి అరటి దొప్పలో దాస్తారు, అప్పుడు రాట్నం. ఇన్ని చేతులు మారాక వచ్చే నూలు 100 కౌంటు. ఈ కౌంటు ఏమిటని జపాన్ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ అడిగారు. ఒక్కో చిలపకి 840 గజాల చొప్పున, ఒక పౌండు నూలుకి ఎన్ని చిలపలొస్తే అంత కౌంటు. అంటే అర కేజీకి కూడా తక్కువ దూదిలో 84,000 గజాల దారం. బస్సులోనే ఫోన్‌లో లెక్కేసి చెప్పాను, దాదాపు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది.

మేం వెళ్లిన చోట డెబ్బై దాటిన ఒక మామ్మ వడుకుతోంది. నలభై మంది వచ్చి చుట్టూ నిలబడితే కాసేపు చెయ్యి ఆపింది. తర్వాత "సూడండి, సూడండి" అని మళ్లీ మొదలెట్టింది. ఎడం చేతిలోంచి దారం పొగలా వస్తోంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సార్, తెలుగాయనే, చాలా మర్యాదగా అడిగారు.

"అమ్మా, మీ పిల్లలు కూడా ఈ పని చేస్తారా?"

"ఆళ్లు ఎప్పుడో ఒగ్గేసినారు బావూ. బేగి డబ్బులొచ్చే పనికి ఎళ్లిపోనారు."

సార్ నా వైపు తిరిగారు. "ఏమంటోంది?"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు ఆయనకి ఏం అర్థం కాలేదో. తర్వాత చెప్పాను, "వదిలేశారట సార్. త్వరగా డబ్బులొచ్చే పనికి వెళ్లిపోయారట." తెలుగు నుంచి తెలుగులోకి. జపాన్ ప్రొఫెసర్‌కి ఇంగ్లీషులో చెప్పడం కంటే అదే కష్టమైంది. ఎందుకంటే "ఒగ్గేయడం" అంటే ఉట్టి వదిలేయడం కాదు. చేతిలో ఉన్నదాన్ని, ఇంక పట్టుకోలేక, పోనీలే అని విడిచిపెట్టడం. మా అమ్మమ్మ రాట్నం గురించి ఫోన్‌లో అన్నదీ అదే మాట. "మీ అమ్మని ఇంగ్లీషు బడిలో ఏసినప్పుడు ఒగ్గేసినాను."

మామ్మ నన్ను పట్టి పట్టి చూసింది. "ఓ గుంటా, నువ్వు ఈ పక్కదానివేనేటి?" అంది. అవును మామ్మా అన్నాను. "మరి ఆళ్లతోటి ఇంగ్లీసులో తెగ మాటాడేస్తన్నావు, నాను పైదేశం పిల్లవనుకున్నాను" అంది. అందరికంటే ముందు నేనే నవ్వాను. ఆవిడ నాకు రాట్నం ఇచ్చింది. నాలుగుసార్లు తిప్పితే నాలుగుసార్లూ దారం తెగింది. జపాన్ ఆయనకి మాత్రం మూడోసారికే ఒక జానెడు దారం వచ్చింది. నాకిప్పటికీ కుళ్లే.

ఒక చిలపకి ఎంతొస్తుందని ఎవరో అడిగితే మామ్మ చెప్పింది. నేను అనువదించాను. ఆ తర్వాత చాలామంది బయటికొచ్చి బట్ట కొన్నారు, బేరమాడలేదు. అంతకంటే ఏం చేయాలో అక్కడ ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

అరసవల్లిలో దర్శనం, శ్రీకూర్మంలో గుడి. అక్కడి నక్షత్ర తాబేళ్ల దగ్గర పిల్లలకంటే పీహెచ్‌డీ వాళ్లు ఎక్కువసేపు నిలబడ్డారు. భోజనం క్యాటరింగ్ ప్యాకెట్లు, పనీర్ బటర్ మసాలా. దీని గురించి ఎక్కువ రాయను. శ్రీకాకుళం జిల్లాకి అంత దూరం నుంచి మనుషుల్ని పిలిచి పనీర్ పెట్టినందుకు మా అమ్మమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. చోడి అంబలి పెట్టమని ఆవిడ సలహా.

మధ్యాహ్నం సాలిహుండం. ఈ పత్రిక చదివేవాళ్లకి ఈ చోటు గురించి కొంచెం ఆగి చెప్పాలి. ప్రతి ఆగస్టు 29న మన క్లబ్ గిడుగు రామమూర్తిగారి ఫొటోకి దండ వేస్తుంది. వ్యాసరచన పోటీ పెడుతుంది. వ్యావహారిక భాష కోసం పోరాడారు అని అందరం ఒకే వాక్యం రాస్తాం. ఆయన పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. విజయనగరంలో గురజాడ, ఆయన ఒకే క్లాసు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఇవి మనం వ్యాసాల్లో రాస్తాం. వంశధార ఒడ్డున సాలిహుండం కొండమీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో లోకానికి తెలియజేసిందీ ఆయనే అని మాత్రం ఎవరి వ్యాసంలోనూ నేను చూడలేదు. శ్రీముఖలింగం శాసనాలు చదవడానికి పాత లిపులు పట్టుబట్టి నేర్చుకున్న మనిషి ఆయన. సవర పల్లెకి వెళ్లినా, ఈ కొండ ఎక్కినా, ఎవరూ పట్టించుకోని దాని దగ్గర ఆగి వినడమే ఆయన పని.

విజయనగరంలో సంగీత కళాశాల పెట్టిందీ 1919లోనే. ఆ రోజు ఆ సంవత్సరం రెండు బస్సుల్లోనూ మైకులో వినిపించిందన్నమాట. ప్లాన్ చేసి పెట్టలేదు.

కొండ పెద్దదేం కాదు, మెట్ల దారి ఉంది. అయినా నలుగురు పెద్దవాళ్లు కింద మ్యూజియం దగ్గరే ఉండిపోయారు. పైన ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాలు, కింద మెలిక తిరిగిన వంశధార, దూరంగా సముద్రం మసక. క్రీస్తుకి పూర్వం నుంచి వెయ్యేళ్లకి పైగా ఇక్కడ భిక్షువులు ఉన్నారు. నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఓడలొచ్చే తీరానికి పక్కన, వరద అందనంత ఎత్తులో చోటు వెతుక్కున్నారు. నా షీటులోని సైట్ సెలెక్షన్ కంటే చాలా మెరుగు.

కిందికి దిగేసరికి జపాన్ ప్రొఫెసర్ మ్యూజియంలో ఒక విగ్రహం ముందు నిలబడి ఉన్నారు. మారీచి. నా నోట్సులో "తార, మారీచి విగ్రహాలు దొరికాయి" అని ఒక్క ముక్కే ఉంది. ఆయన అన్నారు, "మా దేశంలో ఈవిడ పేరు మరిషితెన్. సమురాయ్‌లు యుద్ధానికి వెళ్లేముందు ఈవిడకే మొక్కేవాళ్లు." గైడుని నేను, వింటున్నదీ నేనే. పక్కన నిలబడిన వాచ్‌మన్‌కి ఇది తెలుగులో చెప్పాను. ఆయన విగ్రహాన్ని కొత్తగా చూస్తున్నట్టు ఒకసారి చూసి, "అంత దూరం ఎళ్లిందేటి ఈ తల్లి!" అన్నాడు. ఈసారి ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి ఎలా తేవాలో తెలీక, అలాగే తెలుగులోనే ప్రొఫెసర్‌కి నేర్పించాను. కళింగపట్నం చేరేదాకా బస్సులో ఆయన "ఏటి" ప్రాక్టీస్ చేస్తూనే ఉన్నారు. పది రూపాయలు ఫైన్ వేసేవాళ్లెవరూ లేరు.

కళింగపట్నంలో లైట్‌హౌస్, ఇసుక, టీ. నీళ్లలోకి మోకాళ్లు దాటి వెళ్లొద్దని అరవడంతోనే నా సాయంత్రం అయిపోయింది. ఒకప్పుడు ఓడరేవు ఇది. ఇప్పుడు వలలు బాగుచేసుకునేవాళ్లు, మనలాంటి వాళ్లు. చీకటి పడేలోగా రావాలన్న సార్ షరతుకి నలభై నిమిషాలు ఆలస్యంగా కాలేజీ చేరాం.

"కల్చరల్ యాక్టివిటీస్" ముక్క మిగిలింది. దాన్ని రెండో రోజు రాత్రే కానిచ్చేశారు. మెమెంటోలకీ డిన్నర్‌కీ మధ్య తప్పెటగుళ్ల బృందానికి ఎనిమిది నిమిషాలు. గుండెకి తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, పాడుతూ ఎగురుతూ గంగమ్మకి మొక్కుకునే ఆట అది. ఊళ్లో అయితే తెల్లవార్లూ నడుస్తుంది. ఎనిమిది నిమిషాలని చెప్పడానికి గ్రీన్ రూమ్‌కి నన్నే పంపారు. గురువుగారు కోప్పడలేదు. "గజ్జెలు కట్టుకోడానికే అంత పడతాది కదమ్మా" అన్నారు. స్టేజి మీద నిజంగానే ఎనిమిది నిమిషాలకి దిగిపోయారు. డిన్నర్ అయ్యాక చూస్తే హాస్టల్ వెనక గ్రౌండులో వాళ్లు తమకోసం తామే మళ్లీ మొదలెట్టారు. మెస్ వర్కర్లు, సెక్యూరిటీ అన్నలు, ఓ ఇరవై మంది స్టూడెంట్లు, ప్లేట్లు చేతిలో పట్టుకుని గెస్టులు కొందరు. మైకు లేదు, లైటు లేదు. పదకొండున్నర దాకా సాగింది. నేను చూసిన కల్చరల్ యాక్టివిటీ అదే.

వచ్చే ఏడాది ఇది జూనియర్లు చేయాలి కాబట్టి షీటు డ్రైవ్‌లో పెట్టాను. నా నోట్సు కూడా ఉంది అందులో. పొందూరులో ఇరవై మందికి మించి ఒకేసారి లోపలికి పంపొద్దు. మామ్మని ఫొటోకి ముందు అడగండి. సాలిహుండానికి టోపీలు, నీళ్ల సీసాలు. శ్రీముఖలింగానికి ప్రత్యేకంగా ఒక రోజు కావాలి, ఇందులో ఇరికించొద్దు. తప్పెటగుళ్లకి స్టేజి వద్దు, గ్రౌండు ఇవ్వండి, టైము చెప్పొద్దు. భోజనం గురించి మా అమ్మమ్మ నంబర్ నన్నడిగి తీసుకోండి, ఆవిడ ఎదురుచూస్తోంది. బస్సులో మైకు "బేగి" అంటే తెలిసినవాళ్లకే ఇవ్వండి.